దుర్యోధనుడికి అట్ట కిరీటం
మదనపల్లె నుంచి కుప్పం దాకా

ఎండాకాలం వచ్చిందంటే మిగతా జిల్లాల ఆడవాళ్ళకు ఆవకాయ, వడియాలు గుర్తుకొస్తాయి. మా చిత్తూరు వైపు వాళ్ళకు వాటితో పాటు భారతం కూడా గుర్తుకొస్తుంది. భారతం అంటే పుస్తకం కాదండోయ్. ఊళ్ళో ధర్మరాజుల గుడి ముందర పద్దెనిమిది రోజులు జరిగే ఉత్సవం. మధ్యాహ్నం పూట హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. బకాసురుడికి బండెడు అన్నం పోయే రోజు ఒకటి, ద్రౌపదమ్మ పెళ్ళి రోజు ఒకటి, అర్జునుడు పొడుగాటి మాను ఎక్కి తపస్సు చేసే రోజు ఒకటి. చివరి రోజు పగలు దుర్యోధన వధ, సాయంత్రం అగ్నిగుండం. చిత్తూరు జిల్లాలోనూ, పక్కనున్న తమిళ జిల్లాల్లోనూ ద్రౌపదమ్మను దేవతగా కొలిచే ఊళ్ళు చాలా ఉన్నాయి. కోస్తా వైపు చుట్టాలకు ఈ మాట చెబితే "ద్రౌపదికి గుడా?" అని నోరు వెళ్ళబెడతారు.

ఈ భారతంలో వేషగాళ్ళ కిరీటాలు చూసి తీరాలి. తేలిక చెక్కను చెక్కి, రంగు కాగితాలు, అద్దం ముక్కలు అతికించి చేస్తారు. కిరీటం, భుజకీర్తులు, ఎదమీద పలక అన్నీ చెక్కవే. ముఖానికి అర్దళం పూసుకుని, ఇద్దరు మనుషులు పట్టుకున్న తెర వెనక నుంచి ముందుగా ఆ కిరీటం కొన కనిపిస్తుంది చూడండి, అప్పుడు నిద్రపోతున్న పిల్లలు కూడా లేచి కూర్చుంటారు.

2023 వేసవిలో అలాంటి కిరీటం ఒకదాన్ని నేను, మా చెల్లెలు అట్టపెట్టెలతో చేశాం. దాని కోసం మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం దగ్గర పల్లె దాకా మూట కట్టుకుని పోయాను. ఆ ఊళ్ళ సంగతి, ఆ కిరీటం చేసే విధం, రెండూ మీకు చెబుతాను. పిల్లల బడి నాటకాలకు పనికొస్తుంది. భారతం చూడాలనుకునే వాళ్ళకు దారి కూడా తెలుస్తుంది.

మదనపల్లెలో అట్టలు

మా మదనపల్లె చల్లని ఊరు. వేసవిలో చిత్తూరు, తిరుపతి మండిపోతున్నా మాకు రాత్రిళ్ళు కాస్త గాలి ఆడుతుంది. ఇంకాస్త చల్లదనం కావాలంటే నాలుగువేల అడుగుల పైన హార్స్‌లీ హిల్స్ ఉండనే ఉంది. బీసెంట్ థియొసాఫికల్ కాలేజీ మా ఊరి గొప్ప. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ గారు ఇక్కడికి వచ్చి ఉన్నప్పుడే జనగణమనను ఇంగ్లీషులోకి రాశారు. కాలేజీ ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ గారు దానికి స్వరం కూర్చారు. జిడ్డు కృష్ణమూర్తి గారు 1895లో పుట్టింది కూడా ఈ ఊళ్ళోనే. ఎన్నో ఏళ్ళు చిత్తూరు జిల్లాలో ఉన్న మా ఊరు 2022లో కొత్తగా ఏర్పడిన అన్నమయ్య జిల్లాలోకి వెళ్ళింది. కాగితం మీద జిల్లా మారినా మా యాస, మా సంగటి ముద్ద మారలేదు.

ఇల్లాళ్ళకు మదనపల్లె అంటే టమాటాలే గుర్తుకొస్తాయి. 2023 జూలైలో ఇక్కడి మార్కెట్లో కిలో వంద దాటి పైకి పోయినప్పుడు ఊరంతా అదే మాట. టమాటా మార్కెట్లో అట్టపెట్టెలు దొరుకుతాయనుకుంటారేమో, దొరకవు. అంతా ప్లాస్టిక్ క్రేట్లే. అట్టలు కావాలంటే రెండు చోట్లకు పోవాలి. మందమైనవి కిరాణా అంగళ్ళలో దొరుకుతాయి. సబ్బులు, నూనె ప్యాకెట్లు వచ్చే పెట్టెలు అవి. పలచగా, గట్టిగా ఉండే అట్ట పట్టుచీరల పెట్టెల్లో దొరుకుతుంది. నీరుగట్టువారిపల్లె మా దగ్గర నేతగాళ్ళుండే చోటు. అక్కడ మగ్గం చప్పుడు వినకుండా వీధి దాటలేం. చీరల పెట్టెలతో పాటు తెగిపోయిన జరీ పోగులు కూడా ఒక కవరు నిండా ఇచ్చారు. డబ్బులు తీసుకోలేదు. "కిరీటానికా? అయితే తీసుకోమ్మా" అన్నారు.

ఎందుకు ఈ కిరీటం?

మా చెల్లెల్ని కుప్పం దగ్గర పల్లెలో ఇచ్చాం. మా మరిదికి రెండెకరాల మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు ఉన్నాయి. పగలంతా ఆకు కోయడం, మోయడం. కానీ ఊళ్ళో ఆయన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. "రాజు" అంటారు. ఇరవై రెండేళ్ళుగా ఆ ఊరి భారతంలో దుర్యోధనుడు ఆయనే మరి. ఆయనకు ముందు ఆయన తండ్రి, అంతకు ముందు పెదతాత ఆ వేషం వేశారు. కిరీటం కూడా అదే.

ఆ ఏడు సంక్రాంతి దాటాక ఆయనకు మెడనొప్పి పట్టుకుంది. ఎడమచెయ్యి తిమ్మిరెక్కి గ్లాసు కూడా జారిపోయేది. బెంగుళూరు తీసుకెళ్ళి చూపిస్తే మెడ దగ్గర ఎముకలు అరిగి నరం మీద ఒత్తుతున్నాయన్నారు. ఇక తల మీద బరువు పెట్టకూడదన్నారు. ఆకుమోపు సంగతి సరే, కొడుకు మోస్తాడు. కిరీటం మాటేమిటి?

చెల్లెలు ఫోన్లో చెప్పిన మాట నాకింకా చెవిలో ఉంది. "అక్కా, కిరీటం పెట్టుకుంటే చెయ్యి పోతాదని డాక్టరు చెప్పినాడు. పెట్టుకోకుంటే మనిషే పోయేట్టుండాడు. సంగటి ముందర పెట్టుకుని గోడకల్లా చూస్తా కూర్చుంటాడు."

ఆ చెక్క కిరీటాన్ని ఇంట్లో తూకం వేశారట. రెండు కిలోల పైనే ఉంది. అది తలమీద పెట్టుకుని రాత్రి పది నుంచి తెల్లారిందాకా ఎగరాలి. కొడుక్కి పద్యాలన్నీ వచ్చు కానీ వాడికి పందొమ్మిదేళ్ళు, గొంతు ఇంకా నిలవలేదు. తమిళం వైపు నుంచి ఎవరినైనా వేషగాణ్ణి పిలుద్దామని కమిటీ వాళ్ళు మాట్లాడుకుంటున్నారని తెలిసి మా మరిది రెండు రోజులు గుడి వైపు పోలేదు. అప్పుడు చెల్లెలే అడిగింది. "బడిలో మీ పిల్లకి ఝాన్సీరాణి టోపీ అట్టతో చేసిస్తివి గదక్కా, ఈయనకి చెయ్యలేమా?"

చెయ్యగలమా అని నాకూ అనుమానమే. చిన్నపిల్ల పది నిమిషాల వేషం వేరు, రాత్రంతా చెమటలో ఎగిరే దుర్యోధనుడు వేరు. అయినా ప్రయత్నిద్దాం అని బయలుదేరాను.

పుంగనూరులో తళుకులు

మదనపల్లెలో బస్సెక్కితే గంటలోపే పుంగనూరు. అక్కడ దిగకుండా ముందుకు పోతే నాకు తోచదు. ఊరు చిన్నదే అయినా జమీందారుల కాలం నాటి ప్యాలెస్ ఉంది. ఆ ప్యాలెస్ ఆవరణలోనే సుగుటూరు గంగమ్మ జాతర జరుగుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో వచ్చే ఆ జాతరకు చుట్టుపక్కల పల్లెల జనమే కాక కర్ణాటక నుంచి కూడా వస్తారు. పుంగనూరు ఆవుల పేరు మీరు వినే ఉంటారు. మూడడుగుల ఎత్తు కూడా ఉండవు. గడప దాటి ఇంట్లోకి వచ్చేస్తాయా అన్నట్టుంటాయి. పాలు తక్కువే ఇచ్చినా వెన్న మాత్రం ఎక్కువ, నూటికి ఎనిమిది వంతుల దాకా ఉంటుందంటారు. ఒకప్పుడు అంతరించిపోతాయని భయపడిన ఆ జాతిని ఇప్పుడు ముచ్చటపడి పెంచుకుంటున్నారు.

జాతర జరిగే ఊరు కాబట్టి అమ్మవారి అలంకారం సామాను అక్కడ బాగా దొరుకుతుంది. బంగారు రంగు కాగితం, వెండి కాగితం, చమ్కీలు, గాజుపూసలు, రేకు పువ్వులు, మువ్వలు ఒక్క అంగట్లోనే తీసుకున్నాను. అద్దం ముక్కలు మాత్రం వద్దన్నాను. అసలు చెక్క కిరీటంలో సగం బరువు ఆ అద్దాలదే. వాటి బదులు టీపొడి, బిస్కెట్ ప్యాకెట్ల లోపలుండే మెరుపు కాగితాన్ని మడతలు లేకుండా చేసుకుని గుండ్రంగా కత్తిరించుకుంటే లైటు వెలుతుర్లో అద్దంలాగే తళుక్కుమంటుంది.

పుంగనూరు దాటితే పలమనేరు, ఆ తర్వాత వి.కోట, ఆపైన కుప్పం. పలమనేరు అడవుల్లో ఏనుగులు ఉంటాయి. వాటి కోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పాటు చేశారు. దారి పక్క పొలాలవాళ్ళను కదిపితే ఏనుగుల కథలు చెప్పకుండా వదలరు. నేను వెళ్ళినప్పుడు బస్సు టికెట్టు కొన్నాను. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలయ్యాక మన రాష్ట్రం ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేకుండా పోయే వీలు వచ్చింది. ఆధార్ కార్డు పర్సులో పెట్టుకోవడం మరవకండి. నిమ్మకాయ చిత్రాన్నం, ఒక మజ్జిగ సీసా కట్టుకుంటే దారిలో ఎక్కడా చెయ్యి చాచనక్కర లేదు.

కుప్పం మూడు రాష్ట్రాల మూల

కుప్పం వచ్చేసరికి బోర్డుల మీద మూడు భాషలు, నోళ్ళలోనూ మూడు భాషలు. ఒక పక్క తమిళనాడు, ఒక పక్క కర్ణాటక. కూరగాయల అంగట్లో ఒకే మాటలో తెలుగు, తమిళం కలిసి వస్తాయి. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని ఈ ఊళ్ళో పెట్టింది అందుకేనేమో అనిపిస్తుంది. బెంగుళూరు, చెన్నై రైలు మార్గంలో ఉంది కాబట్టి రైల్లోనూ రావచ్చు. మే నెలలో తిరుపతి గంగమ్మ జాతర ఇక్కడ చాలా పెద్దగా జరుగుతుంది. గంగమ్మ జాతరా, పల్లెల్లో భారతాలూ కలిసి వస్తే ఆ నెలంతా ఎవరి ఇంట్లోనూ పొయ్యి ఆరదు. వచ్చే చుట్టాలు, పోయే చుట్టాలు.

చెల్లెలి ఇంటికి చేరేసరికి సాయంత్రం అయింది. మా మరిది అరుగు మీద కూర్చుని ఉన్నారు. "రా వదినా" అన్నారే కానీ నా చేతిలో అట్టల కట్ట చూసి మొహం తిప్పుకున్నారు. నేను ఏమీ అనలేదు. మరునాడు పొద్దున్నే పని మొదలుపెట్టాం.

కిరీటం చేసే విధానం

కావలసినవి: కిరాణా అట్టపెట్టెలు 3, చీరల పెట్టెలు 4, పాత దినపత్రికలు, రాసేసిన నోటు పుస్తకాల కాగితాలు, పాత నూలు చీర సగం, మైదా, పసుపు, ఉప్పు, వేపాకు, ఫెవికాల్, పురికొస, దబ్బనం, బంగారు రంగు, వార్నిష్, జరీ పోగులు, మెరుపు కాగితం, మువ్వలు, పాత తువ్వాలు, రెండు నాడాలు.

బంక: నాలుగు గ్లాసుల నీళ్ళలో గుప్పెడు వేపాకు వేసి మరిగించి వడకట్టండి. గ్లాసు మైదాను గ్లాసు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, ఆ మరిగే నీళ్ళలో పోసి రాగిజావలాగ తిప్పుతూ ఉండండి. తెల్లదనం పోయి నిగనిగలాడగానే దించి, చెంచా పసుపు, చెంచా ఉప్పు వేయండి. పురుగు పట్టదు. కొందరు మైలుతుత్తం కలుపుతారు. అది విషం. పిల్లలు తిరిగే ఇంట్లో వద్దు.

కొలత: ఉట్టి తల కొలవకూడదు. వేషగాళ్ళు జుట్టు మీద బట్ట బిగించి కట్టి ఆపైన కిరీటం పెడతారు. ఆ బట్ట కట్టాకే నుదుటి మీదుగా చుట్టూ కొలవాలి. మా మరిదికి సరిగ్గా 24 అంగుళాలు వచ్చింది.

పట్టీ: మందపు అట్టను 25 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు కత్తిరించాలి. అట్ట లోపల గీతల్లాంటి గొట్టాలు ఉంటాయి చూడండి, అవి నిలువుగా ఉండేలా కత్తిరిస్తేనే పట్టీ విరగకుండా గుండ్రంగా వంగుతుంది. ఒక అంగుళం ఒకదానిమీద ఒకటి ఎక్కించి ఫెవికాల్ పెట్టి, దబ్బనంతో పురికొస కుట్టు వేయాలి. చెమటకు జిగురు వదిలినా కుట్టు వదలదు.

గుమ్మటం: చీరపెట్టె అట్టతో 8 ఆకులు కోయాలి. ఒక్కొక్కటి అడుగున 3 అంగుళాలు, కొనన అర అంగుళం, పొడవు 8 అంగుళాలు. మూడు ఎనిమిదులు ఇరవైనాలుగు, అంటే పట్టీకి సరిపోయింది. అడుగున ఒక అంగుళం లోపలికి మడిచి పట్టీకి అతికించి, కొనలన్నీ పైన దగ్గరకు లాగి ఒక గుండ్రటి బిళ్ళతో మూయాలి. ఆకుల మధ్య రెండు మూడు చోట్ల చిటికెనవేలు పట్టేంత సందులు వదిలాం. తలకు గాలి ఆడాలి కదా.

అంతస్తులు: 2 అంగుళాల వెడల్పుతో 17, 14, 11 అంగుళాల పట్టీలు మూడు కోసి చక్రాల్లాగ అతికించి, పెద్దది అడుగున, చిన్నది పైన పెడితే గోపురంలాగ వస్తుంది. కొనకు కలశం కావాలి. ఖాళీ అయిన దారపు రీలు ఒకటి పెట్టేశాం.

ప్రభ: కిరీటం వెనకాల సూర్యబింబంలా ఉండే అర్ధచంద్రం ఇది. అడుగు వెడల్పు సరిపోతుంది. రెండు అట్టలను, ఒకదాని గొట్టాలు నిలువుగా, ఇంకోదానివి అడ్డంగా ఉండేట్టు అతికిస్తే వంకర పోదు. దీన్ని మరీ పైకి పెడితే బరువు వెనక్కి లాగి మెడ మీద పడుతుంది. మాకు ముఖ్యమైంది అదే కాబట్టి పట్టీకి ఆనించి కిందికి దించి కుట్టాం.

పొరలు: తలంత కుండ ఒకటి తీసుకుని ప్లాస్టిక్ కవరు చుట్టి బోర్లించి, దానిమీద కిరీటం పెట్టుకోవాలి. కాగితాన్ని కత్తెరతో కాక చేత్తో చింపండి, అంచులు బాగా అతుక్కుంటాయి. మొదటి పొర దినపత్రిక, రెండో పొర నోటు పుస్తకం కాగితం, మూడోది మళ్ళీ దినపత్రిక. రంగు తేడా వల్ల ఎక్కడ వేశామో, ఎక్కడ వదిలామో తెలిసిపోతుంది. అన్నిటికీ పైన నూలు చీర పీలికలు బంకలో ముంచి చుట్టాలి. దీనితోనే అట్టకు చెక్కంత గట్టితనం వస్తుంది. మొదటి రోజు నీడలో, తర్వాత రెండు రోజులు ఎండలో ఆరబెట్టాలి. తడిమీదే ఎండలో పెడితే అప్పడంలాగ వంకర్లు పోతుంది.

అలంకారం: చెక్క మీద చెక్కినట్టు తీగలు, చిలకలు కనబడాలంటే పురికొసను ఫెవికాల్‌లో తడిపి ఆ ఆకారంలో అతికించండి. ఆరాక పైన బంగారు రంగు వేస్తే నగిషీ లేచి కనిపిస్తుంది. మధ్యలో మెరుపు కాగితం బిళ్ళలు, అంచుల్లో జరీ పోగులు. అన్నీ ఆరాక లోపలా బయటా వార్నిష్ రెండు పూతలు. లోపల పూయడం చాలామంది మరిచిపోతారు. చెమట తగిలేది లోపలే. చివరగా తువ్వాలు ముక్క మెత్తగా మడిచి లోపల కుట్టి, గడ్డం కింద కట్టుకునేందుకు నాడాలు పెట్టాం.

అంతా అయ్యాక తూకం వేస్తే అరకిలోకు కాస్త ఎక్కువ. చెల్లెలు దాన్ని ఒక చేత్తో ఎత్తి, ఇంకో చేత్తో కళ్ళు తుడుచుకుంది.

వాద్యారు ఏమన్నారంటే

కిరీటం తయారైతే చాలా? గుడివాళ్ళు ఒప్పుకోవాలి. నాటకం నేర్పే పెద్దాయన్ను అక్కడ వాద్యారు అంటారు. డెబ్భై దాటిన మనిషి. కబురు పెడితే వచ్చారు. కిరీటాన్ని చేతిలోకి తీసుకుని బొటనవేలితో నొక్కి చూశారు, గోటితో గీకి చూశారు. చాలాసేపు మాట్లాడలేదు.

"బాగా చేసినారు తల్లీ. కానీ ఆ చెక్క కిరీటం ముగ్గురు దుర్యోధనుల తలమీద ఉండింది. ప్రతి యేడూ పూజ చేసి ఎత్తుకుంటాము. దాన్ని పెట్టెలో పెట్టేసి, సబ్బుల అట్ట పెట్టుకుని అమ్మ ముందర ఆడేది ఎట్లా?" అన్నారు.

మా మరిది తల వంచుకుని లోపలికి పోబోయారు. అప్పుడు చెల్లెలు, ఎప్పుడూ మగవాళ్ళ మధ్య నోరు విప్పని మనిషి, వాకిలి పట్టుకుని నిలబడి అడిగింది. "అయ్యా, అమ్మ ముందర చెక్క ఆడతాదా, మనిషి ఆడతాడా?"

వాద్యారు ఆమె వైపు చూశారు. తర్వాత మా మరిది చెయ్యి పట్టుకుని ఎడమచేతి వేళ్ళు ఒక్కొక్కటే వంచి చూశారు. చివరకు ఆయనే దారి చెప్పారు. పాత కిరీటాన్ని పెట్టెలో పెట్టొద్దు, పద్దెనిమిది రోజులూ ద్రౌపదమ్మ పాదాల దగ్గర పెడదాం, పూజ దానికి జరుగుతుంది, ఆట దీనితో ఆడదాం అన్నారు. గడప దాటుతూ మళ్ళీ వెనక్కి తిరిగి, "ఒకటుండాది. దుర్యోధనుడు నడిస్తే కిరీటం చప్పుడు చెయ్యాల. దీనికి చప్పుడు లేదే" అన్నారు.

నిజమే. చెక్క కిరీటానికి వేలాడే రేకులు ఘల్లుమనేవి. పుంగనూరులో కొన్న మువ్వలు ఇంకా సంచిలోనే ఉన్నాయి. ఆ రాత్రి ప్రభ అంచు చుట్టూ 21 మువ్వలు కుట్టాం. తర్వాత తల ఆడిస్తే అచ్చం అదే చప్పుడు.

చివరి రోజు

నేను పదిహేనో రోజు రాత్రి నాటకం, పద్దెనిమిదో రోజు ఉత్సవం రెండూ చూశాను. ముందుగా హార్మోనియం, మద్దెల మోగాయి. తెర పట్టుకున్నారు. తెర వెనక మువ్వల చప్పుడు. జనం మధ్యనుంచి ఎవరో "రాజు వచ్చినాడ్రా" అన్నారు. తెర తీసేసరికి మా మరిది, అరుగు మీద గోడను చూస్తూ కూర్చున్న ఆ మనిషేనా అనిపించింది. నా పక్కన కూర్చున్న ముసలావిడకు కిరీటం మారిందని తెలియదు. "ఈ యేడు కొత్త రంగు వేసినట్టుండారు" అంది. నేను తల ఊపాను.

చివరి రోజు గుడి ముందర మైదానంలో మట్టితో దుర్యోధనుడి బొమ్మ చేస్తారు. నేలమీద వెల్లకిలా పడుకున్న పెద్ద ఆకారం అది. దాని చుట్టూ, దాని మీదా భీముడు, దుర్యోధనుడు తరుముకుంటారు. ఎండ నెత్తిన పడుతుంటే కాళ్ళు కాలుతున్నా ఒక్కరు కదలరు. భీముడు తొడమీద గదతో కొట్టగానే అక్కడ పెట్టిన కుంకుమ నీళ్ళు ఎర్రగా చిమ్ముతాయి. నిండు సభలో జుట్టు పట్టి ఈడ్చిన రోజు విరబోసుకున్న కురులను ద్రౌపది వేషం కట్టిన మనిషి ఆ ఎరుపు తాకించి ముడి వేసుకుంటుంది. అప్పుడు ఆడవాళ్ళందరం లేచి నిలబడ్డాం. ఎవరూ లేవమని చెప్పలేదు.

దుర్యోధనుడు పడిపోగానే మా చెల్లెలి కొడుకు పరుగెత్తి వెళ్ళి తండ్రి గడ్డం కింద నాడా విప్పి కిరీటం తీశాడు. లోపలి తువ్వాలు పిండితే నీళ్ళు కారేంత చెమట. అట్ట మాత్రం మెత్తబడలేదు, ఒక చోట బంగారు రంగు లేచింది అంతే. సాయంత్రం కంకణం కట్టుకున్నవాళ్ళు అగ్నిగుండం తొక్కారు. మేము కిరీటాన్ని ఆ దరిదాపులకు తీసుకుపోలేదు. ఎంత గట్టిగా చేసినా కాగితం కాగితమే, నిప్పురవ్వ పడితే నిలవదు. అట్టతో చేసిన ఏ వేషానికైనా ఈ జాగ్రత్త తప్పదు.

మా మరిది చెయ్యి పూర్తిగా బాగైందని చెప్పను. పొద్దున లేవగానే ఇప్పటికీ తిమ్మిరి ఉంటుంది. మెడకు పట్టీ వేసుకుని, చెప్పిన వ్యాయామాలు చేస్తున్నారు. 2024లో కూడా ఆయనే ఆడారు. ఆ ఏడు మొదటి నాలుగు రాత్రులు మాత్రం చిన్న దుర్యోధనుడుగా కొడుకుని దింపారు, అదే అట్ట కిరీటంతో. వాడి తల చిన్నది, లోపల ఇంకో తువ్వాలు మడత పెట్టాల్సి వచ్చింది.

పిల్లల కోసం

ఇదే పద్ధతిలో బడి నాటకాలకు ఏదైనా చేయవచ్చు. సైనికుడి శిరస్త్రాణం కావాలంటే అంతస్తులు, ప్రభ తీసేసి పట్టీ, గుమ్మటం మాత్రమే చేయండి. చెవుల పక్క రెండు ఆకులు, మెడ వెనక ఒక చిన్న అట్ట వేలాడేట్టు కుట్టి వెండి రంగు వేస్తే ఇనప టోపీ అయిపోతుంది. ఝాన్సీ లక్ష్మీబాయికి ముందర ముత్యాల వరస చాలు. ఆరేళ్ళ లోపు పిల్లలకు చీరపెట్టె అట్ట ఒక్కటే వాడండి, తల కొలత 20 అంగుళాలకు అటూ ఇటూ ఉంటుంది. ఆకులు ఎనిమిదీ రెండున్నర అంగుళాల వెడల్పు పెట్టుకుంటే లెక్క సరిపోతుంది. చిన్నపిల్లలకు గడ్డం కింద నాడా గట్టిగా ముడి వేయకండి, లాగితే ఊడే ముడి వేయండి.

దాచేటప్పుడు కిరీటాన్ని నేలమీద పెట్టకండి. బోర్లించిన కుండకు తొడిగి, పాత దుప్పటి కప్పి, పక్కన నాలుగు నాఫ్తలీన్ గోలీలు వేసి అటక మీద పెట్టండి. వానాకాలంలో ఒకసారి తీసి ఎండ చూపించాలి. మా చెల్లెలు ప్రతి ఏడూ వడియాలు ఎండబెట్టే రోజునే మిద్దె మీద కిరీటాన్ని కూడా ఎండబెడుతుంది. కాకులు వడియాల మీద వాలకుండా ఆ మువ్వలే కాపలా అని నవ్వుతుంది.